ముందు గుట్టకు గడ్డి కప్పండి, తర్వాత మొక్కలు లెక్కపెట్టండి

రోహిణి ఎండలు మాడుస్తున్నయి. మిరుగుకు ఇంక పది రోజులే ఉంది. మీ ఊరి పక్కన గుట్ట ఉంటే ఈ వారంలోనే ఒకసారి ఎక్కి చూడండి. చెట్ల దిక్కు కాదు, కాళ్ల కింద నేల దిక్కు చూడండి. గడ్డి దుబ్బులు ఉన్నయా? రాలిన ఆకు ఉందా? లేకుంటే ఎర్ర మొరం తోలు ఒలిచిన ఒళ్లు లెక్క కనబడుతుందా? మొదటి గట్టి వానకు ఆ మట్టి గుట్ట మీద ఆగుతదా, మీ కుంటలోకి దిగుతదా అన్నది దాన్నిబట్టే తెలుస్తది.

మా తండా జహీరాబాద్ దగ్గర ఒక గుట్ట వాలు కింద ఉంటది. మూడేండ్ల కింద ఒక శాఖ వాళ్లు అక్కడికి జేసీబీ తోలుకొచ్చిండ్రు. శాఖ పేరు చెప్పను. ఎందుకంటే ఇది ఒక్క ఆఫీసు తప్పు కాదు, ఒక ఆలోచన తప్పు. తంగేడు పొదలు, వెంపలి, రేగు కంప, బోదగడ్డి దుబ్బులు అన్నిటినీ పిచ్చి మొక్కలన్నరు. రెండు రోజుల్లో వాలంతా గీకి శుభ్రం చేసిండ్రు. గుంతలు తీసి టేకు మొక్కలు పెట్టిండ్రు. బోర్డు పాతిండ్రు, ఫోటోలు దిగి పోయిండ్రు.

శ్రావణంల ఒక రాత్రి గట్టి వాన కొట్టింది. పొద్దున లేచి చూస్తే కుంట నీళ్లు ఇటుక రంగులో ఉన్నయి. గుట్ట మీద సగం గుంతలు పూడిపోయినయి, మిగతా సగం తెగి వాటి కింద కాలువలు పడ్డయి. వాలు కిందనే మా చిన్నాయన లావణి పట్టా చేను ఉంది. ఎదిగొస్తున్న కంది మొక్కల మీద జానెడు మొరం మేట వేసింది. ఆ ఏడు ఆయనకు పంట లేదు. భార్యాభర్తలిద్దరూ పిల్లల్ని మా ఇంట్ల వదిలి చెరకు కొట్టనీకి వలస పోయిండ్రు. ఎండాకాలం వచ్చేసరికి టేకు మొక్కల్లో బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బోర్డు మాత్రం బాగనే ఉంది.

అప్పుడు మా దాది ఒక మాట అన్నది. "చెట్టు పెడతమని వచ్చి గుట్ట చీర గుంజుకపోయిండ్రు బిడ్డా."

నేను డిగ్రీల బోటనీ చదివిన. నేల కోత మీద పరీక్షలో పది మార్కుల జవాబు కూడా రాసిన. ఆ జవాబులో లేనిది దాది మాటలో ఉంది. ఇప్పుడు అదే వాలు మీద మళ్లీ సున్నం గీతలు పడ్డయి, మళ్లీ గుంతలట. అందుకే ఇది రాస్తున్న.

మొక్కకు లెక్క ఉంది, నేలకు లెక్క లేదు

2015లో మన రాష్ట్రంలో హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, 24 శాతం ఉన్న పచ్చదనం 33 శాతానికి పెంచుడు, ఇదీ లక్ష్యం. 2018 పంచాయతీరాజ్ చట్టం ఇంకో అడుగు ముందుకు పోయింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకుంటే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పాలని పెట్టింది. మంచిదే. మొక్కలు నాటొద్దని నేను అనట్లేదు. రోడ్డు పక్కన, బడిలో, చెరువు కట్ట కింద నాటండి, మేం కూడా నీళ్లు పోస్తం.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఎన్ని మొక్కలు పెట్టిండ్రు, ఎన్ని బతికినయి అనే రిజిస్టరు ఉంది. ఎంత నేల కప్పు కింద ఉంది, ఎంత నేల బోడిగా ఉంది అనే రిజిస్టరు ఏ ఆఫీసులోనైనా చూసిండ్రా? కార్యదర్శిని తప్పుపట్టి లాభం లేదు. ఆయనను అడిగేది మొక్కల సంఖ్య. కాబట్టి ఆయన ఏటవాలు గుట్ట మీద కూడా మొక్కల సంఖ్యనే చూపిస్తడు. గుంత తీయడానికి అడ్డమొచ్చిన గడ్డి ఆయన లెక్కలో చెత్త. ఆ చెత్తనే గుట్టను పట్టుకొని ఉన్నదని చెప్పే కాలమ్ ఆయన ఫారంలో లేదు.

బంజరు అని ఎవరు రాసిండ్రు?

శిస్తు రాని నేల బంజరు. రాజుల కాలం నుంచి లెక్క ఇదే. ఇప్పుడు ఉపగ్రహం నుంచి కూడా అదే లెక్క. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, కేంద్ర భూవనరుల శాఖతో కలిసి దేశమంతటికీ బంజరు భూముల అట్లాస్ తయారు చేస్తది. అందులో పొదలున్న భూమి కూడా ఒక రకం బంజరే. అంటే మా మేకలు మేసేది, మా యాడి పొయ్యిలోకి పుల్లలు తెచ్చేది, దాది మందులకు వేర్లు తవ్వేది, ఇదంతా కాగితం మీద పనికిరాని నేల. పనికిరాని నేల అయితే ఎవరైనా గీకొచ్చు, తవ్వొచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. అడిగే పని లేదు.

మేం లంబాడీలం, బంజారాలం. బంజారాల వాటాకు బంజరే వచ్చింది. మంచి నల్లరేగడి మాకు ఎవరు ఇచ్చిండ్రు? లావణి పట్టాలు వచ్చినయంటే రాళ్లు తేలిన వాలు మీదనే వచ్చినయి. కానీ ఒక సంగతి మర్చిపోవద్దు. మా తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిండ్రు. రైలు వచ్చి ఆ బతుకును మింగింది. వేల ఎద్దులను నడిపించినోడికి మొదట తెలియాల్సింది ఏంది? ఏ గుట్ట మీద ఏ నెలలో ఏ గడ్డి ఉంటది అన్నది. మొగలుల కాలంలో ఆసఫ్ ఖాన్ మా భంగీ, జంగీ నాయకులకు రాగి రేకు మీద హక్కు రాసిచ్చిండని తండాల్లో ఇప్పటికీ కథ చెప్పుకుంటరు. అందులో అడిగినవి బంగారం కాదు. కుండల్లో నీళ్లు, ఇళ్ల మీద కప్పిన గడ్డి తీసుకునే హక్కు. గడ్డి విలువ మాకు ఎవరో వర్క్‌షాపు పెట్టి నేర్పనక్కర లేదు.

ఇంకో తమాషా చూడండి. తంగేడు మన రాష్ట్ర పువ్వు. బతుకమ్మలో తంగేడు లేకుంటే పండుగ కాదు. దాని పక్కన గునుగు. ఈ రెండూ మొలిచేది ఎక్కడ? గట్ల మీద, గుట్టల మీద, మీరు బంజరు అని రాసిన నేలలోనే. పువ్వుకు హోదా ఇచ్చి, పొదను జేసీబీతో పీకుతున్నరు.

మట్టి ఎట్ల పోతది?

మా దిక్కు నేల చాలామటుకు ఎర్ర మొరం. బీదర్ దాకా పరుచుకున్న పీఠభూమి ఇది. పైన జానెడు మట్టి, కింద రంధ్రాల ఎర్ర రాయి. గుట్ట మీద ఆ జానెడు కూడా ఉండదు. పోయిన మట్టి ఒక అంగుళం మళ్లీ తయారు కావాలంటే వందల ఏండ్లు పడతది.

పెద్ద చినుకు గంటకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో నేలను కొడతది. బోడి నేల మీద పడితే మట్టి రేణువులను చిమ్ముతది. వాలు మీద చిమ్మిన రేణువు పైకి రాదు, కిందికే పోతది. చిమ్మిన సన్నమట్టి నేల రంధ్రాలను మూసేస్తది, పైన పొర కడతది. ఇక నీళ్లు లోపలికి ఇంకవు, జారి పరుగెత్తుతయి. వాలు నిడివి పెరిగే కొద్దీ వేగం పెరుగుతది. గుంత తెగేది, చేనులో మేట పడేది అట్లనే.

గడ్డి ఉంటే? చినుకు ఆకు మీద పడి విరుగుతది, కాడ వెంబడి మెల్లగ దిగుతది. వేర్లు మట్టిని జడ అల్లినట్టు పట్టుకుంటయి. దుబ్బుల మధ్య నీళ్లు ఆగి ఆగి పోతయి, పోయేటప్పుడు మట్టిని అక్కడనే దించి పోతయి.

"చెట్టు కూడా వానను ఆపుతది కదా" అంటరు. ఎత్తయిన చెట్టు ఒక్కటే ఆపదు. టేకునే తీసుకోండి. ఆకు చాట అంత ఉంటది. చిన్న చినుకులు దాని మీద కలిసి పెద్ద బొట్టయి, ఎత్తు మీంచి మళ్లీ నేల మీద పడతయి. కింద గడ్డి, పొద లేకుంటే టేకు తోటలో కూడా నేల కోసుకపోతది. అడవి అంటే చెట్టొక్కటే కాదు. చెట్టు, పొద, గడ్డి, రాలిన ఆకు, ఇవన్నీ కలిస్తేనే అడవి. పైఅంతస్తు కడతమని పునాది తవ్వి పారేస్తే ఇల్లు నిలబడతదా?

ఏ మొక్క, ఎక్కడ?

పోయిన కార్తీకంలో నేను, మా ఈడు పిల్లలు నలుగురం దాదిని పట్టుకొని గుట్టంతా తిరిగినం. జేసీబీ గీకని ఒక మూల ఇంకా మిగిలింది. అక్కడ ఏమున్నదో రాసుకున్నం. మీరు కూడా మొదట చేయాల్సింది ఇదే. నర్సరీ జాబితా చూసి మొక్క ఎంచుకోవద్దు. మీ గుట్ట మీదనే చెడని మూల ఒకటి వెతకండి. ఎండకు, రాయికి, మేకకు తట్టుకొని ఏది బతికిందో అదే మీ జాబితా.

మాకు అర్థమైంది ఇది.

గుట్ట నెత్తి మీద మట్టి దాదాపు లేదు, గాలి, ఎండ ఎక్కువ. అక్కడ కొత్తవి ఏవీ పెట్టొద్దు, ఉన్నదాన్ని ముట్టొద్దు. రాళ్ల సందుల్లో గడ్డి దుబ్బు, పాకే రేగు, కలివి పొద ఉంటే చాలు.

నడిమి వాలే అసలు పోరాటం. ఇక్కడ దుబ్బు కట్టే గడ్డి కావాలి. గుడిసెలు కప్పే బోదగడ్డి ఒకటి. ఇంకొకటి వానాకాలం అయిపోయినంక ముల్లుకాడలు ఒకదానికొకటి చుట్టుకొని, నడుస్తుంటే లంగాకు, పాయింటుకు గుచ్చుకునే గడ్డి. చిన్నప్పుడు అందరం తిట్టుకున్నదే. ఆ ముల్లు విత్తనమే. తడి తగిలితే కాడ మెలి తిరుగుతది, తిరిగి తిరిగి విత్తనాన్ని నేలలోకి దించుతది. తన నాటు తానే వేసుకునే గడ్డి అది. దాన్ని మించిన కూలి మనిషి ఎక్కడ దొరుకుతడు?

గడ్డి దుబ్బుల మధ్య పొదలు కావాలి. ముందు మేక ముట్టనివి పెట్టాలి. తంగేడును మేక తినదు. బందారును తినదు. వెంపలిని పెద్దగా ముట్టదు. పైగా వెంపలి పప్పుజాతి మొక్క, వేరు బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తది. మన రైతులు పచ్చిరొట్టకు వాడేది అందుకే. ఈ పొదల చాటున గడ్డి, తర్వాత మోదుగ, తునికి, సీతాఫలం వాటంతట అవే లేస్తయి.

వాలు కింద కొంచెం మట్టి, కొంచెం తేమ ఉంటయి. అక్కడ గరిక పాకుతది. చేను పైగట్టు వెంబడి వట్టివేరు పెట్టొచ్చు. దాని వేర్లు పక్కకు పాకవు, నిట్టనిలువుగా దిగుతయి, మంచి నేలలో మూడు మీటర్ల దాకా పోతయి. కర్ణాటకలో మైసూరు దిక్కు రైతులు ఎన్నో తరాలుగా దీన్ని గట్ల మీద పెడుతున్నరు. కానీ వట్టివేరును గుట్ట నెత్తి మీద పెట్టి అది ఎండిపోయిందని ఏడవొద్దు. మొదటి ఏడు దానికి తడి కావాలి.

మరి స్టైలో? వాటర్‌షెడ్ పనుల్లో చాలాచోట్ల చల్లిండ్రు. బయటి దేశం పప్పుజాతి గడ్డి, పశువులు ఇష్టంగా తింటయి, ఎండకు ఓర్చుకుంటది. కోసి వేసే మేతకు కింది వాలులో కొంత చల్లితే తప్పు లేదు. గుట్టంతా అదొక్కటే చల్లితే అది కూడా టేకు తోట లాంటిదే. కలుపుకొని చల్లాలి. పది రకాలుంటే రెండు చచ్చినా ఎనిమిది నేలను కప్పుతయి.

ఇంకొకటి. లంటానా, సర్కారు తుమ్మ కమ్మేసిన వాలు ఉంటే ఒక్కసారే పీకెయ్యకండి. అవి దొంగలే, కానీ ఆ పూట నేలను పట్టుకున్నది కూడా అవే. ముక్కలు ముక్కలుగా కొట్టండి. కొట్టిన జాగలో గడ్డి లేచినంక పక్క జాగకు పోండి.

ఎట్ల నిలబెట్టాలి?

దీనికి జేసీబీ వద్దు. మూడు కట్టెలు, ఒక తాడు, ఒక రాయి చాలు. రెండు కట్టెలు మనిషి ఎత్తువి తీసుకొని పైన కలిపి కట్టండి. నడుమ అడ్డంగా ఇంకో కట్టె కట్టండి. పై ముడి నుంచి రాయి కట్టిన తాడు వేలాడదీయండి. రెండు కాళ్లు ఒకచోట పెట్టి తాడు అడ్డకట్టెను తాకేచోట గీత గీయండి. కాళ్లు తారుమారు చేసి అవే జాగల్లో పెట్టి ఇంకో గీత గీయండి. ఆ రెండు గీతల నడిమధ్య సమమట్టం. తాడు అక్కడ ఆగేటట్టు కాలు మార్చుకుంటూ వాలుకు అడ్డంగా నడిస్తే సమానమట్టం గీత దొరుకుతది. నాలుగో తరగతి పిల్లలు కూడా చేస్తరు, మా తండా పిల్లలే చేసిండ్రు.

పని పైనుంచి కిందికి రావాలి. కింద కట్ట వేసి పైన వదిలేస్తే పైనుంచి వచ్చే నీళ్లే కింది కట్టను తెంచుతయి. నడుము ఎత్తు దిగినప్పుడల్లా ఒక వరుస. గుట్ట మీది రాళ్లనే వరుసగా పేర్చి, పైభాగాన ఎండిన కంప తొక్కిపెట్టాలి. ఎత్తు మోకాలి కిందనే ఉండనీయండి. నీళ్లను ఆపేయడానికి కాదు, వేగం తగ్గించడానికే ఆ కట్ట. బాగా నిటారు వాలు మీద కందకాలు తవ్వొద్దు. నీళ్లు నిండితే వాలే జారిపోతది.

రాళ్ల వరుస పైవైపు మట్టి ఆగుతది. విత్తనం అక్కడ పడాలి. మిరుగుకు ఒక వాన పడంగనే ఆగమై చల్లొద్దు. రెండు మంచి వానలు పడి నేల బెత్తెడు లోతు తడిసినంక చల్లండి. మొదట ఉలవలు. మా దిక్కు అధ్వాన్నపు నేలకు ఆడవాళ్లు నమ్ముకునేది ఉలవనే. నెల తిరిగేసరికి నేలను కప్పుతది, ఆ నీడలో గడ్డి విత్తనం మొలుస్తది. ఉలవ కాపుకు వచ్చినంక వేరుతో పీకొద్దు, మొదలుకు కోయండి. వేరు మట్టిలోనే ఉండాలి.

తంగేడు గింజ తోలు గట్టిది. కాగిన నీళ్లు దించి కాసేపు ఆగి, అందులో వేసి రాత్రంతా నానబెడితే బాగా మొలుస్తది. దుబ్బు గడ్డి, వట్టివేరు పిలకలు ఆరుద్ర కార్తెలో వాన పట్టు ఉన్నప్పుడు పెట్టండి. దుబ్బును రెండు మూడు పిలకల చొప్పున విడదీసి, ఆకు జానెడు ఉంచి కోసి, వేరును పేడనీళ్లలో ముంచి, రెండు బెత్తెల దూరంలో నాటాలి. సందులు వదిలితే నీళ్లు అక్కడి నుంచే తెంపుకొని పోతయి.

గడ్డి విత్తనం కొననక్కర లేదు. కార్తీకంలో గింజ పట్టిన గడ్డిని కాడతో సహా కోసి కట్టలు కట్టి పెట్టుకోవాలి. వచ్చే మిరుగుకు ఆ కట్టలను అట్లనే వాలు మీద పరిచి పైన రాయి పెట్టాలి. విత్తనం రాలుతది, కాడ నేలకు కప్పు అయితది. మేం పోయిన కార్తీకంలో ఇరవై మోపులు కోసి పశువుల కొట్టం అటక మీద పెట్టినం. ఈ మిరుగుకు పరుస్తం. ఆ సున్నం గీతల మీద గుంతలు పడకపోతేనే.

డ్రోన్లతో విత్తన బంతులు చల్లే ఫోటోలు మీరు చూసే ఉంటరు. బోడి వాలు మీద పడ్డ బంతి మొదటి వానకు దొర్లి వాగులో పడతది. దానికి ఆగే జాగ ముందు చేయకుండా ఆకాశం నుంచి ఎన్ని వేసినా అంతే. మా తీజ్ పండుగకు పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతరు. తొమ్మిది రోజులు పొద్దుమాపు నీళ్లు పోస్తరు. విసిరేసి పోతే మొలక రాదని ఆ పిల్లలకు తెలుసు.

మేకల సంగతి మాట్లాడుదాం

ఇప్పుడు మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "గుట్టను తినేసింది మీ మేకలే కదా?" అవును, కొంత నిజం. ఎండాకాలంల గడ్డికి నిప్పు పెట్టినోళ్లలో మావోళ్లు కూడా ఉన్నరు, కొత్త పచ్చిక తొందరగా వస్తదని. కాలిన వాలు మీద మొదటి వాన పడితే ఏమయితదో పైననే చెప్పిన. మన తప్పు మనం ఒప్పుకోకుండా పక్కోని తప్పు అడిగే హక్కు రాదు.

కానీ మేకలు ఎందుకు ఆ గుట్టనే తిన్నయి? ఆ గడ్డి ఎవరిదీ కాదు కాబట్టి. ఈరోజు నా మేక తినకుంటే రేపు ఇంకోడి మేక తింటది. కాపాడినా రేపు ఎవరో వచ్చి గీకిపోతరు. అట్లాంటప్పుడు కాపాడేది ఎందుకు?

చండీగఢ్ దగ్గర, శివాలిక్ కొండల కింద సుఖోమాజ్రి అని ఒక ఊరుంది. 1970లలో అక్కడి కొండలు బోడివి. మట్టి పోయి పోయి చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సును పూడుస్తుండేది. పి.ఆర్. మిశ్రా అనే నేల సంరక్షణ శాస్త్రవేత్త కారణం వెతుక్కుంటూ ఆ ఊరికి పోయిండు. కంచె వేయలేదు, కేసులు పెట్టలేదు. చిన్న కట్టలు కట్టి, ఆ నీళ్లలో భూమి లేనోళ్లకు కూడా వాటా ఇచ్చిండ్రు. ఊరు తనంతట తానే కొండ మీద మేపుడు ఆపింది. కొండ మీద గడ్డి లేచింది, తాళ్లకు, కాగితానికి పనికొచ్చే భాబర్ గడ్డి కూడా. ఆ గడ్డి కోసుకునే హక్కు ఊరి సంఘానికి వచ్చింది. నీళ్లలో, గడ్డిలో వాటా దొరికినంక కాపలా మనిషిని పెట్టే పని లేకపోయింది.

అంత దూరం ఎందుకు? మన జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. ఎవరూ ముట్టని పడావు భూములను పట్టుకొని, ఒకే చేనులో పది పదిహేను రకాలు కలిపి పండించిండ్రు. ఊరి ఉమ్మడి భూముల్లో చెట్లు, మందు మొక్కలు పెంచిండ్రు. విత్తకుండానే మొలిచే తుమ్మికూర, గంగవాయిలి, గలిజేరు కలుపు కాదు, కూర అని లోకానికి చూపించిండ్రు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. వాళ్లు చదివింది బోటనీ కాదు. నేల మీద కొంచెం పట్టు, ఏం వేయాలో చెప్పే అధికారం, ఈ రెండే వాళ్ల చేతిలోకి వచ్చినయి.

చట్టం ఏమంటది?

సంగారెడ్డి జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. మాకు పెసా లేదు, 1/70 లేదు. దీన్ని చూపించి "మీకు హక్కులేంది?" అని అంటరు. అటవీ హక్కుల చట్టం 2006కు ఆ గీత లేదు. అటవీ భూమి ఎక్కడున్నా ఆ చట్టం ఉంటది. సెక్షన్ 3(1)(డి)లో పశువులు మేపుకునే సామూహిక హక్కు ఉంది. 3(1)(ఐ)లో మనం సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవిని రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు ఉంది. పునరుద్ధరించే అన్న మాట మళ్లీ చదవండి. గుట్టకు ఏ గడ్డి కప్పాలన్నది ఆ మాటలోనే ఉంది. మన దగ్గర పోడు పట్టాల కోసం కొట్లాడినంతగా ఈ సామూహిక హక్కు కోసం కొట్లాడలేదు. అది మన పొరపాటు.

గుట్ట అటవీ శాఖది కాదు, రెవెన్యూ పోరంబోకు అయితే? 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని, ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. 2018లో తండాలు పంచాయతీలైనయి. అంటే ఇప్పుడు గ్రామసభ పక్క ఊరి రచ్చబండ కాడ కాదు, మన తండా వేపచెట్టు కింద జరుగుతది. తీర్మానం రాసే పెన్ను మన చేతిలోనే ఉంది.

"గడ్డి వేస్తే అడవి అయితదా?" అని ఒక సారు నన్ను నవ్వుకుంటూ అడిగిండు. అయితది సార్, కాకపోతే ఆలస్యంగా. మొదటి ఏడు ఉలవ, రెండో ఏడు గడ్డి, మూడో ఏడు పొద, ఆ తర్వాత పొద చాటున చెట్టు. మీ ఫోటోకు మొదటి ఏడే చెట్టు కావాలి. మా కుంటకు మొదటి ఏడే మట్టి ఆగాలి.

మేం అడిగేది ఇంతే

ఒకటి, ఏటవాలు గుట్టల మీద జేసీబీ పెట్టొద్దు. ఉన్న గడ్డి, పొద పీకొద్దు.

రెండు, ఏ మొక్క పెట్టాలన్నది గ్రామసభ తేల్చాలి. ఆ జాబితా మొదలు మా గుట్ట మీద బతికిన మొక్కలతోనే కావాలి.

మూడు, రాళ్ల వరుసలు, గడ్డి విత్తన సేకరణ, పిలకలు నాటుడు, వీటికి కూలి ఇవ్వాలి. గుంత తవ్వుడు ఒక్కటే పని కాదు.

నాలుగు, లేచిన గడ్డి కోసుకునే హక్కు రాతలో ఇవ్వాలి. అప్పుడు మూడేండ్లు మేకలు ఎక్కకుండా చూసే పూచీ మాది. గడ్డి కోసి కొట్టంలోనే వేస్తం.

ఐదు, మొక్కల లెక్కతో పాటు నేల లెక్క కూడా రాయాలి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఎంత వాలు కప్పు కింద ఉందో గ్రామసభలో చదవాలి.

ఇక మీరు. ఈ పదిరోజుల్లో మీ గుట్ట ఎక్కండి, ముసలోళ్లను తోలుకపోండి. చెడని మూల ఎక్కడుందో చూసి, అక్కడున్న మొక్కల పేర్లు మీ భాషలో, మీ యాస పేర్లతో రాసుకోండి. ఆ కాగితం పట్టుకొని గ్రామసభకు పోండి. తీర్మానంలో గుట్టను బంజరు అని రాయనీయకండి.

మా చిన్నాయన పోయిన వారం వలస నుంచి వచ్చిండు. రాంగనే చేను కాడికి పోయి మేట వేసిన మొరాన్ని తట్టలతో తీస్తున్నడు. మూడేండ్ల సంది తీస్తనే ఉన్నడు. ఆయన మొన్న నన్ను ఒక్కటే అడిగిండు. "ఈసారి తవ్వుతరా, కప్పుతరా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆఫీసు నుంచి వచ్చేదాకా మేం కూసోం. మిరుగు మొదటి వానకు అటక మీది ఇరవై మోపుల గడ్డి గుట్ట ఎక్కుతది.